ముసలమ్మ నిద్ర

ఆ వర్క్‌షాపులో సాయంత్రం తలుపులు మూసేముందు ఎవరో ఒకరు తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "ముసలమ్మని పడుకోబెట్టావా?" కొత్తగా వచ్చినవాళ్లు ఆ మాట విని, లోపల మంచం మీద ఎవరో ఉన్నారనుకుని అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేవాళ్లు. తోలు కుట్టే అక్క వాళ్ల వాలకం చూసి పగలబడి నవ్వేది. ముసలమ్మ మనిషి కాదు, కంప్యూటరు. ఆ మాటకొస్తే కంప్యూటరు కూడా కాదు, కంప్యూటరు లోపల కూర్చున్న ఉత్తుత్తి కంప్యూటరు.

అక్కడ చేసేది పాదాల అచ్చులు. వంకర తిరిగిన పాదానికీ, ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ అయిన కాళ్లకీ బజారు బూటు పట్టదు. అలాంటివాళ్ల కొలతలు ముసలమ్మకి ఇస్తే, పక్కనున్న చెక్కుడు మిషను ఆవిడ చెప్పినట్టల్లా తిరిగి, కొయ్యముక్కలోంచి అచ్చంగా ఆ పాదాన్నే బయటికి తీస్తుంది. దాని మీద తోలు బిగించి అక్క బూటు కుడుతుంది. ఆ చెక్కుడు ప్రోగ్రాం ఎప్పటిదో. ఇప్పటి కంప్యూటర్లు దాన్ని గడప తొక్కనివ్వవు. అందుకని పాత కంప్యూటర్లాగా నటించే సాఫ్ట్‌వేరు ఒకటి వేసి, దాని పొట్టలో ఈ ప్రోగ్రాంని దాచిపెట్టుకున్నారు.

ముసలమ్మ బాగోగులు చూసేవాడికి అసలు పేరు ఉండే ఉంటుంది. మిషను తిరుగుతుండగా ఎవరు తొందరపెట్టినా "నిదానం, నిదానం" అంటాడని అందరూ ఆ మాటనే పేరు చేసి పారేశారు.

సోమవారం పొద్దున నిదానం లోపలికి వచ్చేసరికి తన బల్ల మీద కొత్త కంప్యూటరు కూర్చుని ఉంది. అంచుల మీది పల్చటి ప్లాస్టిక్ కాగితం ఇంకా పీకలేదు. దాని ముందు యజమాని అల్లుడు, పెళ్లిచూపుల్లో పిల్లని చూపించే పెద్దమనిషిలా చేతులు నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. మావగారి వ్యాపారంలో చెయ్యి వేసి ఎక్కువ కాలం కాలేదు. ఉత్సాహం ఇంకా ఉడుకు మీద ఉంది.

"రండి బాబాయ్! ఎలా ఉంది?"

"పాతదేదీ?"

"నిన్న పాతసామాన్లతను వస్తే మావయ్య ఇచ్చేశారు. అది కదిలితే మూలుగుడు, మెదిలితే మూలుగుడు. బిల్లుల ప్రోగ్రాం కూడా దాంట్లో నడవనంటోంది. భయపడకండి, అందులో ఉన్నదంతా ఇందులోకి ఎక్కించాను."

"ముసలమ్మని కూడానా?"

"మంచంతో సహా మోసుకొచ్చాను" అని అల్లుడు నవ్వాడు.

నిదానం నవ్వలేదు. చేతులు పొడిబట్టతో తుడుచుకుని కుర్చీ లాక్కున్నాడు. ముసలమ్మ బొమ్మ మీద నొక్కాడు. తెర మీద ఒక డబ్బా తెరుచుకుని, ఈ సాఫ్ట్‌వేరు ఈ సిస్టంలో పనిచెయ్యదు పొమ్మంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే పాట.

"జరగండి బాబాయ్, పాత వెర్షన్ కదా, అంతే. కొత్తది వేస్తే సరిపోతుంది." అల్లుడి వేళ్లు చకచకా నడిచాయి. కాసేపటికి కొత్త సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. అందులో ముసలమ్మ పేరు, పేరు కింద 'నిద్రలో ఉంది' అన్న ముక్క కనిపించాయి. నిదానానికి ఊపిరి కాస్త ఆడింది. అల్లుడు లేపబోయాడు. ఈసారి డబ్బా ఒక ప్రశ్న అడిగింది. ఈ నిద్ర పాత వెర్షన్‌లో, వేరే ప్రాసెసర్ మీద మొదలైంది, ఇక్కడ లేపడం కుదరదు, నిద్రని చెరిపేసి మొదటినుంచి మొదలుపెట్టనా అని.

"ఆగండి!" అన్నాడు నిదానం. ఆ మాటా, అల్లుడి వేలి చప్పుడూ ఒక్కసారే వినిపించాయి.

ముసలమ్మ లేచింది. నల్లతెర, తెల్ల అక్షరాలు, ఆ తర్వాత పాతకాలపు నీలం రంగు. అల్లుడు "చూశారా!" అన్నాడు. నిదానం చెక్కుడు ప్రోగ్రాం తెరిచాడు. అది పర్మిషన్ నంబరు అడిగింది.

"కొట్టండి నంబరు."

"లేదు బాబూ. గడువు ఎప్పుడో అయిపోయింది. అమ్మిన కంపెనీ కూడా దుకాణం ఎత్తేసింది. తెరిచి ఉన్నంతకాలం అడగదు, మూసి తెరిస్తే అడుగుతుంది. అందుకే దీన్ని మేము ఏనాడూ ఆపలేదు. సాయంత్రం ఎక్కడున్నది అక్కడే ఉంచి పడుకోబెడతాం, పొద్దున అక్కణ్ణుంచే లేపుతాం. అంతే."

 అల్లుడు కంప్యూటరులో తేదీని గడువు లోపలికి, వెనక్కి తిప్పి చూశాడు. ప్రోగ్రాం ఆ ఎత్తు ముందే తెలిసినదానిలా మళ్లీ నంబరే అడిగింది. పక్క గదిలోంచి యజమాని టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు.

"ఏమైంది? మిషను చప్పుడు లేదేంటి?"

అల్లుడు జరిగింది దాచకుండా చెప్పాడు. తొందరపడి నొక్కింది తనే అని కూడా ఒప్పుకున్నాడు. "కానీ మావయ్యా, ఏళ్ల తరబడి ఒక మిషన్ని ఆపకుండా నడపడమేంటి? ఇంత పెద్ద విషయం నాకు ఒక్కళ్లూ చెప్పలేదు. బాబాయ్, ఆపొద్దని మీకెవరు చెప్పారు?"

"సారే చెప్పారు" అన్నాడు నిదానం. అందులో దాపరికం ఏముంది? కొత్త ప్రోగ్రాం కొందామని తను అడిగినప్పుడల్లా యజమాని ఈ గుమ్మంలోనే నిలబడి "నడుస్తోందిగా! ఆపకు, నడవనీ" అనేవాడు. ఆ మాట ఈ గోడలకి కూడా కంఠతా వచ్చు.

యజమాని టీ గుక్క మింగాడు. అల్లుడి వైపు చూశాడు, కొత్త కంప్యూటరు వైపు చూశాడు.

"నేనా? నేనెప్పుడు చెప్పాను? నాకు కంప్యూటర్ల సంగతి ఏం తెలుసయ్యా? ఇవతలి బటనేదో అవతలి బటనేదో కూడా తెలీదు. సాయంత్రం సరిగ్గా ఆపి వెళ్లడానికి బద్ధకించి, ఇప్పుడు నా మీద తోస్తావా?"

నిదానం  తల తిప్పి తోలుకుట్టే అక్క వైపు చూశాడు. ఆవిడ తోలుముక్క మీదికి ఒంగి, సూదికి దారం ఎక్కిస్తోంది. ఎక్కిన దారాన్నే మళ్లీ తీసి మళ్లీ ఎక్కిస్తోంది.

"అంతే అంటారా సార్?" అన్నాడు చివరికి.

"అంతే. దీన్ని చంపింది నువ్వు. ఆర్డర్లకి నేనేం సమాధానం చెప్పుకోవాలి? రేపట్నుంచి రాకు. అవసరమైతే కబురు పెడతాం."

నిదానం తన పొడిబట్ట మడిచి, బల్ల సొరుగులో పెట్టబోయి, ఆగి, జేబులో పెట్టుకున్నాడు.

వీధి మలుపులో చాలాసేపు నిలబడి ఇంటికి కదలబోతుంటే వెనకనుంచి అక్క పరుగులాంటి నడకతో వచ్చింది.

"అన్నయ్యా, ఆగు. నా మీద కోపమా?"

"నీ మీదెందుకు?"

"నేను అక్కడే ఉన్నాను కదా. ఆయన ఆపకు ఆపకు అన్నప్పుడల్లా విన్నాను కదా. నా నోరు పెగల్లేదు. మా ఆయన మంచం మీద ఉన్నాడు, నీకు తెలుసు."

"తెలుసు. వెళ్లు. నువ్వు లేవని చూస్తే మళ్లీ నీ మీద పడతాడు."

ఆవిడ వెళ్లలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కండక్టరమ్మ వచ్చింది నువ్వు వచ్చేశాక. శనివారం కొలతలిచ్చింది చూడు, ఆవిడ. పాత బూటు అడుగు చీలిపోయిందట, అట్టముక్క పెట్టుకుని బస్సులో నిలబడుతోంది. యజమాని ఏమన్నాడో తెలుసా? మా మిషనతను మిషను పాడుచేసి పోయాడమ్మా, అన్నాడు."

అప్పటిదాకా నిదానానికి కోపం ఎక్కడుందో తెలియలేదు. ఇప్పుడు అరికాళ్లలోంచి పైకి పాకింది. ఉద్యోగం ఊడితే ఊడింది. చెయ్యి పని నేర్చినవాడు ఎక్కడో ఒకచోట కొయ్య రుద్దుకుని బతుకుతాడు. కానీ పాడుచేసి పోయాడన్న మాట ఇక బస్సెక్కి వీధి వీధీ తిరుగుతుంది. కుంటుతూ వచ్చిన ప్రతివాళ్లకీ ఆ మాటే చెప్తారు.

"పాతసామాన్ల కొట్టు ఎక్కడ, నీకు తెలుసా?" అని అడిగాడు.

ఆ కొట్టు వంతెన కింద ఉంది. రెక్కలూడిన ఫ్యాన్లు, తలుపుల్లేని ఫ్రిజ్‌లు, ఏ ఇంట్లో ఎవరు చూసి ఏడ్చారో నవ్వారో తెలియని టీవీలు. వాటి మధ్య కొట్టతను ఒక మోటారు విప్పుకుంటూ కూర్చున్నాడు.

"నిన్న బూట్ల వర్క్‌షాపు నుంచి ఒక కంప్యూటర్ డబ్బా తెచ్చావు కదా?"

"తెచ్చా. దాంతో నీకేం పని?"

"ఉందా, విప్పేశావా?"

"పొద్దున్నే మొదలెట్టా. మధ్యలో మడమ పోటు వచ్చి ఆపా." కొట్టతను కాలు చాపి నిట్టూర్చాడు. "దేవుడు మనిషికి మడమ ఎందుకు పెట్టాడో!"

నిదానం చూపు అలవాటు ప్రకారం ముందు కాలి మీదికి, తర్వాత పక్కన విడిచిన చెప్పు మీదికి పోయింది. చెప్పు బయటి అంచు మాత్రమే అరిగి కత్తిలా అయింది. "నువ్వు బరువంతా పక్కకి వేసి నడుస్తావు. నీ మడమకింద మెత్త పెట్టాలి, లోపలివైపు పల్చగా, బయటివైపు ఎత్తుగా. అది నేను చేసిస్తా. ఆ డబ్బా నాకివ్వు."

"డబ్బా కోసం నా కాలిని పొగుడుతున్నావా?"

"నీ కాల్ని తిడుతున్నానయ్యా."

కొట్టతను పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే డబ్బా లాగి చూపించాడు. పక్క రేకు లేదు, ఫ్యాను ఊడదీసి ఉంది. నిదానం మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూశాడు. డిస్కు దాని చోట అది ఉంది, వైర్లు పీకలేదు. అల్లుడు చెరిపింది కొత్తదాంట్లోకి ఎక్కించిన నిద్రని, అసలుది ఈ డిస్కులోనే ఉండాలి. ఫ్యాను బిగిస్తుంటే స్క్రూ రెండుసార్లు చేతిలోంచి జారింది. కొట్టులోనే ఉన్న మూల పగిలిన తెర తగిలించి కరెంటు ఇచ్చాడు. డబ్బా ఎప్పటిలాగే మూలిగింది. ఆ మూలుగు ఇంత హాయిగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

పాత సిస్టం, అందులో పాత సాఫ్ట్‌వేరు, అందులో ముసలమ్మ. నిద్రలో ఉంది. నొక్కాడు.

గీత నెమ్మదిగా నిండుతూ సగంలో ఆగింది. కొట్టతను కూడా మోటారు పక్కనపెట్టి ఒంగి చూస్తున్నాడు. గీత కదిలింది. తెర మీద ఒక పాదం ప్రత్యక్షమైంది. కండక్టరమ్మ ఎడమ పాదం, మడమ పైకి లాక్కుని, వేళ్లు లోపలికి ముడుచుకుని, శనివారం సాయంత్రం తను ఎంతవరకు తిప్పి వదిలాడో అంతవరకే తిరిగి ఉంది.

"ఎవరిదయ్యా ఆ కాలు?" అన్నాడు కొట్టతను.

నిదానం ముసలమ్మని మళ్లీ జాగ్రత్తగా పడుకోబెట్టి, కరెంటు తీసి, జేబులోని పొడిబట్టతో డబ్బా మీద దుమ్ము తుడిచాడు.

డబ్బా భుజాన వేసుకుని ఇంటికి వస్తే గుమ్మంలోనే భార్య నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. అక్క ముందే ఫోను చేసి అంతా చెప్పేసినట్టుంది.

"ఏంటది?"

"ముసలమ్మ."

"ఇంట్లో మీ అమ్మ చాలదనా, ఇంకో ముసలమ్మని తెచ్చావు?" అంది. నవ్వకుండానే అంది. మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. "ఏం చేస్తావు దీన్ని?"

"రేపు పట్టుకెళ్లి ఇచ్చేస్తా. కండక్టరమ్మ బూటు..."

"కండక్టరమ్మ పేరు చెప్పకు. నిన్ను వీధిలో నిలబెట్టినవాళ్ల ఇంటికి దీపం నువ్వే మోసుకెళ్తావా? వెళ్లు, వద్దనను. కానీ నీకు కావలసింది జీతం కాదు, ఆ మనిషి నోట్లోంచి ఒక్క మాట. నాకు తెలీదా నువ్వు? అది అడక్కుండా డబ్బా బల్ల మీద పెట్టి, పళ్లికిలించి నిలబడ్డావంటే మాత్రం నాతో మాట్లాడకు."

నిదానం నీళ్లు తాగాడు. అడగడం తనకి చేతకాదని ఆవిడకీ తెలుసు. యజమాని ఎదురుగా నిలబడితే తన నాలుక కొయ్యముక్క అయిపోతుంది. కొయ్యనైతే చెక్కొచ్చు. నాలుకనేం చేస్తాడు?

మర్నాడు డబ్బా భుజాన పెట్టుకుని వర్క్‌షాపులోకి అడుగుపెడితే మొదట చూసింది అక్క. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అల్లుడు కుర్చీలోంచి లేచిపోయాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, తనూ నిద్రపోయినట్టు లేడు.

"దొరికిందా బాబాయ్! పాత సాఫ్ట్‌వేర్ని ఈ కొత్తదాంట్లో ఎలాగో నడిపించగలిగాను. ఏదో సెట్టింగు తీసేస్తే నడిచింది. కానీ ఏం లాభం? నిద్ర చెరిగిపోయింది కదా. డబ్బా ఇవ్వండి, ముందు కాపీ తీసుకుందాం. పడుకుని ఉండగానే తీయాలి."

యజమాని గదిలోంచి వచ్చేశాడు. డబ్బాని చూడగానే మొహం విప్పారింది. "వచ్చావా? నేను చెప్పలేదూ, వీడు దాన్ని వదిలి ఉండలేడని! కాపీలూ గీపీలూ తర్వాత చూసుకోవచ్చు. ఆర్డర్లు నెత్తి మీద కూర్చున్నాయి. లేపు, లేపు."

"మావయ్యా, ఒక్కసారి లేపితే ఆ నిద్ర చెరిగిపోతుంది. మళ్లీ పడుకోబెట్టేదాకా కాపీకి వీలుండదు."

"సాయంత్రం పడుకోబెడతాడుగా! అప్పుడు తీసుకో. లేపవయ్యా."

నిన్నటి సంగతి ఎత్తలేదు. రాకు అన్నవాడే లేపవయ్యా అంటున్నాడు, మధ్యలో ఏమీ జరగనట్టు. నిదానం డబ్బా బల్ల మీద పెట్టాడు. చెక్కుడు మిషను తీగ తగిలించాడు. అడగాలి.  అక్క చూస్తోంది. నిదానం తల వంచుకుని ముసలమ్మని లేపాడు.

ఆ రోజంతా మిషను తిరిగింది. కొయ్య బిగించడం, బ్లేడు ఆనిన చోట వేలు పెట్టి చూడడం, పొట్టు ఊదడం. కండక్టరమ్మ పాదం మెల్లగా కొయ్యలోంచి బయటపడింది. మడమ దగ్గర మిషను ఎప్పుడూ కాస్త ఎక్కువ తింటుందని అక్కడ నిదానం చేత్తోనే ఆకురాయి పట్టాడు. మధ్యాహ్నం ఆవిడే వచ్చింది. అట్టముక్క పెట్టిన బూటుతో గుమ్మం ఎక్కలేక తలుపు పట్టుకుంది.

"మిషను పాడుచేసి పోయాడన్నారే, వచ్చావా తండ్రీ?" అంది ఆవిడ, కల్మషం లేకుండా.

నిదానం కొయ్య పాదాన్ని ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, తన పాదం పక్కన పెట్టి చూసుకుంది. "నాలాగే చండాలంగా ఉంది" అని మురిసిపోయింది. యజమాని అక్కడే ఉన్నాడు. "మా దగ్గర పని అంటే అలాగే ఉంటుందమ్మా" అన్నాడు.

నిదానం ఆకురాయి దులిపి కింద పెట్టాడు.

సాయంత్రం అయింది. ఆఖరి అచ్చు దిగింది. అల్లుడు కాపీ తీయడానికి తీగలూ అవీ సిద్ధం చేసుకుని పక్కన నిలబడ్డాడు. అక్క మూట కట్టుకుంటూ అలవాటు కొద్దీ, "ముసలమ్మని పడుకోబెట్టావా?" అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

నిదానం మెనూ తెరిచాడు. అందులో 'నిద్ర', దాని కిందే 'ఆపు'. మౌసు మీద చెయ్యి పెట్టి తిరగకుండానే పిలిచాడు.

"సార్."

"ఏంటయ్యా?" తాళాలు పట్టుకుని వెళ్లబోతున్న యజమాని ఆగాడు.

"ఆపమంటారా, పడుకోబెట్టమంటారా?"

"అదేం ప్రశ్న? రోజూ చేసేదేగా."

"రోజూ చేసిందే బద్ధకం అన్నారు. సరిగ్గా ఆపి వెళ్లాలన్నారు. మీరెలా చెబితే అలా చేస్తా."

బాణం 'ఆపు' మీదికి జరిగింది. నిదానం జరిపినట్టు కూడా లేదు, చెయ్యి బరువుకి అదే జరిగినట్టుంది. అల్లుడు ముందుకి వంగాడు. నెమ్మదిగా మావగారి వైపు తిరిగాడు. అక్క మూట కింద పెట్టేసి, ఈసారి తల దించుకోకుండా చూస్తూ నిలబడింది.

"పడుకోబెట్టు" అన్నాడు యజమాని.

"ఎందుకు సార్?"

"ఎందుకేంటి? ఆపితే మళ్లీ లేవదు కదా!"

"ఆ సంగతి నాకెవరు చెప్పారు?"

చెక్కుడు మిషను వేడి తగ్గుతూ టిక్కు టిక్కుమంటోంది. యజమాని చేతిలో తాళాలగుత్తి ఒకసారి గలగలమని, ఆగిపోయింది.  ఆయన నోరు విప్పకపోతే నిదానం నిజంగా నొక్కుతాడా? అక్క మొగుడి మంచం, కండక్టరమ్మ రెండో బూటు, తన ఇల్లు అన్నీ ఆ వేలికింద ఉన్నాయి. నొక్కుతాడో లేదో తనకే తెలియలేదు. వేలు మాత్రం తియ్యలేదు.

"నేనే" అన్నాడు యజమాని, గోడకి చెబుతున్నట్టు. "నేనే ఆపొద్దన్నాను. సరేనా?"

అల్లుడు మావగారి మొహంలోకి చూసి, అక్కడ ఎక్కువసేపు చూడలేక, చేతిలో తీగని చుట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడే కదా దాన్ని విప్పి సిద్ధం చేసింది.

నిదానం ఏదో బరువు దిగిపోతుందనుకున్నాడు. దిగలేదు. అడిగి పుచ్చుకున్న మాట, చేతిలో పెట్టుకుని చూస్తే చాలా చిన్నదిగా ఉంది. కుర్చీలోంచి లేచాడు.

"కూర్చోండి సార్. ఇవాళ మీరు పడుకోబెట్టండి."

"నాకు రాదయ్యా."

"నిజమే, బటన్లు తెలియవన్నారు. పైన ఉన్నది నిద్ర, కిందున్నది ఆపడం. రెండూ పక్కపక్కనే ఉంటాయి, చూసుకుని నొక్కాలి."

యజమాని కూర్చున్నాడు. తాళాలు ఒళ్లో పెట్టుకున్నాడు. మౌసు పట్టుకుంటే బాణం తెరంతా తూలింది, పైకి పోయి, కిందికి దిగి, 'ఆపు' మీద ఆగి వణికింది.  నిదానం చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా ప్రతి సాయంత్రం తన వేలికింద ఉన్న భయం ఇలా ఉంటుందని ఆయనకి ఒక్కసారైనా తెలియాలి.

"నిదానం సార్" అన్నాడు. "నిదానం."

బాణం పైకి పాకింది. టక్కుమంది. తెర మీద కండక్టరమ్మ రెండో పాదం మసకబారి, గీత నిండి, మాయమైంది. అల్లుడు చుట్టిన తీగ మళ్లీ విప్పి కాపీకి కూర్చున్నాడు.

నిదానం జేబులోంచి పొడిబట్ట తీసి బల్ల సొరుగులో పెట్టి బయటికి వచ్చాడు. మెట్ల మీద అక్క అతని కోసం ఆగి ఉంది. ఇద్దరూ వీధి మలుపు దాకా నడిచారు.

"రేపు లేస్తుందా అన్నయ్యా?" అంది అక్క.

"ఏమో. ఇవాళ పడుకోబెట్టింది నేను కాదుగా" అన్నాడు నిదానం.